రాగియు, రోగక్రిములును

కొన్నాళ్ళ క్రిందటి వరకు తెలుగువారి ఇండ్లలో రాగి బిందె లేని వంటిల్లు అరుదు. రాత్రి దానిలో నీరు పోసి ఉంచి తెల్లవారిన తరువాత త్రాగుట పెద్దలకు అలవాటు. దేవాలయములలో తీర్థమును రాగి పాత్రలో ఉంచుదురు. బిందె నల్లబడినచో చింతపండుతో తోమి మెరుగు తెప్పించుదురు. ఇదంతయు ఎందుకని అడిగినచో "రాగి మంచిది" అను జవాబే వచ్చెడిది. అది దేనికి మంచిది? ఏ విధముగా మంచిది? ఎంతవరకు మంచిది? ఈ మూడు ప్రశ్నలకు సమాధానములు వెదకుటకు విజ్ఞానశాస్త్రమునకు రెండు శతాబ్దులకు పైగా పట్టినది. అవి వంటింటిలో దొరకలేదు. ఓడరేవులలో, గోధుమ చేలలో, ద్రాక్షతోటలలో, రాగి కార్ఖానాలలో, చివరకు ఆసుపత్రి గదులలో ఒక్కొక్కటిగా దొరికినవి.

ఈ ప్రశ్నలకు నేడు ప్రాధాన్యము పెరిగినది. ఒక జబ్బుతో ఆసుపత్రిలో చేరిన రోగికి అక్కడ మరియొక జబ్బు అంటుకొనుట అన్ని దేశముల వైద్యులను కలతపెట్టుచున్న సమస్య. రోగి తాకిన మంచపు కమ్మీని నర్సు తాకును. ఆమె తాకిన తలుపు పిడిని వేరొకరు తాకుదురు. చేతి నుండి వస్తువునకు, వస్తువు నుండి చేతికి క్రిములు ప్రయాణము చేయుచుండును. నున్నగా మెరయు ఉక్కుపై గాని ప్లాస్టిక్కుపై గాని కొన్ని జాతుల క్రిములు రోజుల తరబడి బ్రతికియుండగలవు. ఆ వస్తువు క్రిమికి ఆశ్రయమీయక దానిని చంపునదే అయినచో ఎంత మేలు! ఆ గుణము రాగికి ఉన్నదని తెలిసిన చరిత్ర చిత్రమైనది.

ఓడల అడుగున రాగిరేకులు

పదునెనిమిదవ శతాబ్దిలో ఓడలన్నియు కొయ్యతో కట్టినవే. సముద్రములో కొన్ని నెలలు తిరుగునప్పటికి ఓడ అడుగున నాచు, గుల్లలు దట్టముగా పట్టి దాని వేగమును తగ్గించెడివి. వెచ్చని సముద్రములలో కొయ్యను తొలిచివేయు జీవులు ఓడను లోపలి నుండి గుల్లచేసెడివి. 1761లో బ్రిటిషు నౌకాదళమువారు 'అలారమ్' అను యుద్ధనౌక అడుగుభాగమునకు పలుచని రాగిరేకులు తొడిగించి దానిని వెస్టిండీసు దీవులకు పంపినారు. ఓడ తిరిగివచ్చిన పిమ్మట చూడగా రాగి కప్పిన కొయ్య చెక్కు చెదరలేదు. నాచు, గుల్లలు పట్టలేదు. కాని రాగికి తగిలియున్న ఇనుప మేకులు మాత్రము తినివేయబడినవి. ఈ చిక్కును దాటి, 1780 ప్రాంతమున బ్రిటిషు యుద్ధనౌకలన్నిటికిని రాగి తొడుగులు వేయించుట మొదలైనది.

రాగి సముద్రజలములో నెమ్మదిగా కరిగిపోవును. కొన్ని సంవత్సరములకొకసారి రేకులు మార్చవలసివచ్చుటచే ఖర్చు అధికమైనది. ఈ నష్టమును ఆపుటకు ఉపాయము చెప్పుమని ప్రసిద్ధ రసాయన శాస్త్రజ్ఞుడు హంఫ్రీ డేవీని కోరినారు. రెండు లోహములు ఒకదానినొకటి తాకుచు ఉప్పునీటిలో ఉన్నపుడు వానిలో సులభముగా కరుగునది కరుగుచుండును, రెండవది రక్షింపబడును. ఈ సూత్రము ననుసరించి డేవీ 1824లో రాగిరేకులకు అక్కడక్కడ ఇనుప ముక్కలను, తుత్తునాగపు ముక్కలను తగిలించినాడు. ఆయన అనుకొన్నట్లే ఇనుము కరిగినది, రాగి కరుగుట ఆగినది. సిద్ధాంతము నెగ్గినది.

కాని ఓడ ఓడినది. రాగి కరుగుట ఆగిన వెంటనే నాచు, గుల్లలు మరల పట్టుకొన్నవి. కొద్ది సంవత్సరములలోనే నౌకాదళమువారు ఆ ముక్కలను తీసివేయించినారు. డేవీకి ఇది పెద్ద ఆశాభంగము. అయినను ఆ వైఫల్యములో ఒక గొప్ప సత్యము దాగియున్నది. నీటి జీవులను దూరముగా ఉంచినది రాగిరేకు కాదు, ఆ రేకు నుండి అణువణువుగా నీటిలోనికి పోవుచున్న రాగి. తాను అరగనిదే రాగి పనిచేయదు. ముందు చెప్పబోవు కథ అంతటికిని ఇదే కీలకము.

1832లో బర్మింగ్‌హామునకు చెందిన జార్జి మంట్జు అను పారిశ్రామికుడు సుమారు 60 పాళ్ళు రాగి, 40 పాళ్ళు తుత్తునాగము కలిపిన ఇత్తడిరేకును ఓడల కొరకు తయారుచేసినాడు. అది రాగి కంటె చవుక. అయినను ఓడ అడుగును శుభ్రముగా ఉంచినది. రాగి వేరొక లోహముతో కలిసియున్నను దాని గుణము పూర్తిగా పోదని దీనివలన తేలినది.

గోధుమ గింజయు, రాగి పాత్రయు

సముద్రజీవుల సంగతి అట్లుండగా, కంటికి కనబడని జీవులపై రాగి ప్రభావము మొదట తెలిసినది గోధుమ తెగులు వలన. ఫ్రాన్సు దేశములో మోంతోబాన్ పట్టణమున బెనెడిక్ట్ ప్రెవో అను ఆచార్యుడు ఉండెడివాడు. గోధుమ గింజల లోపలి పిండిని నల్లని దుర్గంధపు పొడిగా మార్చు కాటుక తెగులునకు కారణము వెదకుచు, ఆ పొడిలోని సూక్ష్మమైన బీజములు నీటిలో మొలకెత్తుటను ఆయన సూక్ష్మదర్శినితో చూచినాడు. మొక్కకు జబ్బు కలిగించునది మరియొక సూక్ష్మజీవి అని నిరూపించినవారిలో ఆయన ప్రథముడు. పాస్తరు జన్మించుటకే ఇంకను పదునైదు సంవత్సరములుండగా, 1807లో, ఆయన తన గ్రంథము ప్రకటించినాడు.

ఆ ప్రయోగములలోనే వేరొక విశేషము బయటపడినది. రాగి పాత్రతో సంబంధము కలిగిన నీటిలో ఆ బీజములు మొలకెత్తలేదు. నీటిలో రాగి రుచికి గాని రంగుకు గాని తెలియునంత లేదు. అయినను బీజములు నిద్రలేవలేదు. అందుచే విత్తనములను విత్తుటకు ముందు పలుచని మైలుతుత్తపు నీటిలో తడుపవలెనని ప్రెవో సలహా ఇచ్చినాడు. మైలుతుత్తమనగా రాగి, గంధకికామ్లముల సంయోగము వలన ఏర్పడు నీలిరంగు లవణము. ఆ పద్ధతిని తరువాత చాల దేశముల రైతులు అవలంబించినారు.

కలరా రోజులలో పారిస్ నగరము

1832లోను, 1849లోను పారిస్ నగరమున కలరా విజృంభించి వేలమందిని బలిగొన్నది. కలరాకు కారణమేమో అప్పటికి తెలియదు. విక్టర్ బ్యూర్క్ అను వైద్యుడు 1852లో పారిస్‌లోని ఒక రాగి కార్ఖానాకు వెళ్ళినపుడు, ఆ రెండు ఉపద్రవములలోను అచ్చటి పనివారిలో ఎవరును కలరాతో మరణించలేదని విన్నాడు. ఆ మాట ఆయనను వదలలేదు. రాగి పోతపోయువారు, రాగి పాత్రలు చేయు కంచరులు, ఇత్తడి వాద్యములు తయారుచేయువారు మున్నగు వృత్తులవారి లెక్కలను ఆయన ఎన్నో సంవత్సరములు సేకరించినాడు. ఇనుప పనివారితోను ఇతరులతోను పోల్చినపుడు రాగి పనివారిలో కలరా చావులు చాల తక్కువగా కనబడినవి. 1867లో ఆయన తన ఫలితములను ఫ్రెంచి శాస్త్ర, వైద్య అకాడెమీల ముందుంచినాడు.

ఈ లెక్కల నుండి బ్యూర్క్ తీసిన సారాంశము మాత్రము తొందరపాటైనది. రాగి బిళ్ళలను శరీరమునకు తాకునట్లు ధరించినచో కలరా రాదని ఆయన బోధించినాడు. అనేక నాడీసంబంధమైన వ్యాధులకు కూడ లోహపు బిళ్ళలే మందని వాదించి విమర్శలకు గురి అయినాడు. రాగి పనివారు కలరా నుండి తప్పించుకొనుటకు రాగియే కారణమా? లేక వారి నివాసములు, వారు త్రాగు నీరు, వారి ఆదాయము వేరుగా ఉండుట కారణమా? ఈ భేదములను విడదీసి చూచు పద్ధతి ఆయన లెక్కలలో లేదు. 1883లో ఈజిప్టుకు, అచ్చటినుండి కలకత్తాకు వచ్చిన జర్మను శాస్త్రజ్ఞుడు రాబర్టు కాక్ 1884 నాటికి కలరా క్రిమిని వేరుచేసి చూపినాడు. అది ముఖ్యముగా నీటి ద్వారా వ్యాపించునని స్థిరపడినది. చర్మముపై ధరించిన రాగిబిళ్ళ కడుపులోనికి పోవు నీటిని శుద్ధిచేయలేదు. బ్యూర్క్ గమనించిన విషయములో సారము లేకపోలేదు. కాని ఒక విషయమును గమనించుట వేరు, దానిని నిరూపించుట వేరు.

దొంగల భయము, ద్రాక్ష తెగులు

ఫ్రాన్సు ద్రాక్షతోటలకు 1878 నుండి అమెరికా ఖండము నుండి వచ్చిన బూజు తెగులు సోకినది. ఆకులు మాడి రాలిపోవుచుండుటచే పంట నాశనమగుచుండెను. 1882 అక్టోబరులో బోర్డో విశ్వవిద్యాలయపు వృక్షశాస్త్రాచార్యుడు మిల్యార్దే మెడోక్ ప్రాంతపు తోటల గుండా పోవుచు ఒక వింత చూచినాడు. తోటల లోపల ఆకులన్నియు రాలిపోయినవి. బాట ప్రక్కనున్న తీగలు మాత్రము పచ్చగా ఉన్నవి. ఆ ఆకులపై నీలివన్నె తెల్లని పూత కనబడినది. విచారించగా, బాటసారులు పండ్లు కోసుకొనిపోకుండుటకై ఆ వరుసలపై విషమువలె కనబడు మైలుతుత్తము, సున్నము కలిపి చల్లినారని తెలిసినది. దొంగలను బెదిరించుటకు చల్లినది తెగులును ఆపినది.

మిల్యార్దే బ్యూర్క్ వలె వెంటనే బోధలకు పూనుకొనలేదు. రసాయన శాస్త్రజ్ఞుడు గేయాన్ సహాయముతో పాళ్ళు మార్చి, మందు చల్లిన తీగలను చల్లని తీగలతో పోల్చి చూచి, 1885లో ఫలితములు ప్రకటించినాడు. అదియే బోర్డో మిశ్రమము. ఆంధ్ర, తెలంగాణ ప్రాంతముల బత్తాయి, నిమ్మ తోటలలో బంక తెగులు సోకిన మాను భాగమునకు పూయుచున్న బోర్డో పేస్టు దీనికి తోబుట్టువే. ఆకుపై అంటుకొన్న పూత నుండి మంచునీటిలోనికి కొంచెము కొంచెముగా రాగి ఊరుచుండును; బూజు బీజము మొలకెత్తబోవు సమయమున ఆ రాగి దానిని చంపును. ఓడ అడుగున జరిగిన పనియే ఇచ్చటను జరుగుచున్నది.

నాచుపై నేగెలీ ప్రయోగములు

ఇంతకు ఎంత రాగి చాలును? ఈ ప్రశ్నకు సమాధానము స్విట్జర్లండులో జన్మించి మ్యూనిక్ నగరమున పనిచేసిన వృక్షశాస్త్రజ్ఞుడు కార్ల్ నేగెలీ పరిశోధనలలో దొరికినది. ఆయన స్పైరోగైరా అను సన్నని దారము వంటి పచ్చని నాచును నీటిలో పెంచుచుండెను. రాగి నాణెములు వేసి ఉంచిన నీటిలో ఆ నాచు చనిపోయినది. ఎన్నో కోట్ల పాళ్ళ నీటిలో ఒక పాలు రాగి ఉన్నను చాలునని ఆయన లెక్కకట్టినాడు. అత్యల్పమైన మొత్తములో పనిచేయు ఈ శక్తికి 'అల్పశక్తి' అను అర్థమిచ్చు గ్రీకు మాటలతో 'ఆలిగోడైనమిక్' ప్రభావమని పేరు పెట్టినాడు. ఆయన 1891లో మరణించగా, ఈ వ్యాసము 1893లో ప్రకటింపబడినది. వెండికి కూడ ఇట్టి గుణమే ఉన్నది.

1904లో అమెరికా ప్రభుత్వ వ్యవసాయశాఖకు చెందిన మూర్, కెల్లర్‌మన్ అను శాస్త్రజ్ఞులు ఈ విషయమును ఆధారము చేసుకొని, నగరములకు నీరందించు జలాశయములలో నాచును నిర్మూలించుటకు స్వల్పముగా మైలుతుత్తము వాడు పద్ధతిని ప్రకటించినారు. ఇట్లు ఇరువదవ శతాబ్ది ఆరంభమునకే రాగికి నాచును, బూజును, బాక్టీరియాలను చంపు శక్తి ఉన్నదని స్పష్టమైనది.

రాగి మరుగునపడిన కాలము

తెలిసిన విషయమును మరచిపోవుట కూడ విజ్ఞానశాస్త్ర చరిత్రలో ఒక భాగమే. 1913లో ఇంగ్లండులోని షెఫీల్డు నగరమున హ్యారీ బ్రేర్లీ తుప్పు పట్టని ఉక్కును తయారుచేసినాడు. అది నల్లబడదు, చిలుము పట్టదు, తోమనవసరము లేదు. ఆసుపత్రులలో ఇత్తడి పిడులు, రాగి గొట్టములు పోయి స్టెయిన్‌లెస్ స్టీలు వచ్చినది. మన ఇండ్లలో కూడ రాగి బిందె అటకెక్కి స్టీలు బిందె క్రిందికి దిగినది. మెరుపే శుభ్రతకు గుర్తయినది. 1928లో ఫ్లెమింగు పెనిసిలిన్‌ను కనుగొనుట, 1940 తరువాత అది రోగులకు అందుబాటులోనికి వచ్చుట జరిగిన పిమ్మట, క్రిములు వస్తువులపై ఉన్నను భయము లేదు, శరీరములో ప్రవేశించినను మందున్నదన్న ధైర్యము ప్రబలినది.

ఆ ధైర్యము ఎంతో కాలము నిలువలేదు. పెనిసిలిన్‌కు లొంగని చీముక్రిముల కొరకు 1959లో మెతిసిలిన్ అను మందు తయారైనది. 1961లోనే ఇంగ్లండులో దానికి కూడ లొంగని క్రిములు కనబడినవి. ఎం.ఆర్.ఎస్.ఏ. అను పేర నేడు ప్రపంచములోని ఆసుపత్రులన్నిటికిని పరిచయమైన శత్రువులివే. మందులకు లొంగని క్రిములు ప్రబలిన కొద్దియు, అవి రోగిని చేరకముందే చంపు మార్గమేదని వైద్యులు వెదకసాగినారు.

తలుపు పిడి చెప్పిన సంగతి

1983లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున ఈరీ పట్టణపు ఒక ఆసుపత్రిలో ఫిలిస్ కున్ అను శాస్త్రజ్ఞురాలు తన విద్యార్థులచేత ఒక సామాన్యమైన పరీక్ష చేయించినది. తలుపు పిడులను తుడిచి, ఆ తుడుపులోని క్రిములను పెంచి చూచుట ఆ పరీక్ష. స్టీలు పిడుల నుండి క్రిములు విస్తారముగా పెరిగినవి. వాటి కంటె మాసినట్లు కనబడు ఇత్తడి పిడుల నుండి చాల తక్కువగా పెరిగినవి. ఆశ్చర్యపడి ఆమె ఆయా లోహపు ముక్కలపై వివిధ క్రిములను వేసి చూచినది. రాగిపై అవి పావుగంటలోనే చనిపోవుట మొదలైనది. ఇత్తడిపై వేసిన క్రిముల సంఖ్యను బట్టి ఏడు గంటలు, అంతకు తక్కువ పట్టినది. అప్పుడే రుద్ది శుభ్రపరచిన ఇత్తడిపై గంట చాలినది. స్టీలు ముక్కలపై వారములు గడచినను క్రిములు పెరుగుచునే ఉన్నవి.

రుద్దిన ఇత్తడి త్వరగా పనిచేయుట గమనింపదగినది. జిడ్డు, మురికి, దళసరి చిలుము లోహమును కప్పినచో రాగి బయటికి రాలేదు. చింతపండుతో తోమిన బిందెకు, తోమని బిందెకు గల భేదము కంటి మెరుపులో మాత్రమే లేదన్నమాట.

ఈ గమనికను నిశితముగా పరీక్షించిన వారిలో ఇంగ్లండులోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు కీవిల్, ఆయన సహచరులు ముఖ్యులు. మందులకు లొంగని చీముక్రిములను కోటి లెక్కన లోహపు ముక్కలపై వేసి, గది ఉష్ణోగ్రతలో ఉంచి, 2006లో వారు ఫలితములు ప్రకటించినారు. శుద్ధమైన రాగిపై అన్ని రకములును గంటన్నర లోపల నశించినవి. స్టీలుపై మూడు రోజుల తరువాతను బ్రతికియున్నవి. మందునకు లొంగని క్రిమి లోహమునకు లొంగినది.

రాగి క్రిములను ఎట్లు చంపును?

గాలిలోని తేమ, చేతి చెమట తగిలిన రాగి ఉపరితలము నుండి విద్యుదావేశము కల సూక్ష్మకణములు, అనగా అయానులు, వెలువడును. క్రిమి ఆ ఉపరితలమును తాకగానే అవి దాని పైపొరపై దాడిచేసి దానిని చిల్లులు పరచును. లోపలి లవణములు, ద్రవములు బయటికి కారిపోవును. రాగి అయాను ఒక స్థితి నుండి మరియొక స్థితికి తేలికగా మారుచుండును. ఆ మార్పులలో తీవ్రమైన చర్యాశక్తి గల ఆక్సిజను రూపములు పుట్టి క్రిమి భాగములను దహించును. లోపల ప్రవేశించిన రాగి, ప్రోటీనులలోని గంధకమును పట్టుకొని, ఇనుము ఉండవలసిన చోట తాను దూరి, వాటిని పనికిరాకుండ చేయును. వంశలక్షణములను మోయు డి.ఎన్.ఏ. తునుకలగును.

పెనిసిలిన్ వంటి మందు క్రిమియొక్క ఒక్క మర్మస్థానముననే కొట్టును. ఆ ఒక్క స్థానమును మార్చుకొన్న క్రిమి తప్పించుకొనును. రాగి ఒకేసారి పెక్కుచోట్ల కొట్టుటచే తప్పించుకొనుట కష్టము. అసాధ్యమని మాత్రము చెప్పరాదు. లోపలికి వచ్చిన రాగిని బయటికి తోడివేయు ఏర్పాట్లు చాల బాక్టీరియాలకు స్వతస్సిద్ధముగనే ఉన్నవి. దళసరి కవచము గల బీజదశలో ఉన్న క్రిములు రాగిపై చాలసేపు నిలువగలవు.

ఆసుపత్రి గదిలో పరీక్ష

ప్రయోగశాలలో చచ్చిన క్రిమి ఆసుపత్రిలోను చచ్చునా? ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నగరమున సెల్లీ ఓక్ ఆసుపత్రి వార్డులో మరుగుదొడ్డి ఆసనము, కుళాయి పిడులు, తలుపును త్రోయు పలక అను మూడు వస్తువులను రాగి కలిపినవి కొన్ని, సామాన్యమైనవి కొన్ని అమర్చి పది వారములు పరీక్షించినారు. ఐదు వారములైన తరువాత వాటి స్థానములు తారుమారు చేసినారు. స్థానభేదము వలన ఫలితములో పొరపాటు రాకుండుటకే ఈ జాగ్రత్త. బ్యూర్క్ లెక్కలలో లోపించినది ఇదియే. 2010లో ప్రకటించిన ఫలితములను బట్టి రాగి వస్తువులపై క్రిములు నూటికి 90 నుండి 100 వంతులు తక్కువ.

వస్తువుపై క్రిములు తగ్గుట ఒకటి, రోగికి జబ్బు తగ్గుట మరియొకటి. రెండవదానిని తేల్చుటకు 2010, 2011 సంవత్సరములలో అమెరికాలోని మూడు ఆసుపత్రుల అత్యవసర చికిత్సా గదులలో పరీక్ష జరిగినది. కొన్ని గదులలో మంచపు కమ్మీలు, భోజనపు బల్ల, సెలైను సీసా వ్రేలాడదీయు స్తంభము, కుర్చీ చేతులు మొదలైన వస్తువులకు రాగి మిశ్రమలోహములు తొడిగినారు. 614 మంది రోగుల వివరములు పరిశీలించగా, మామూలు గదులలో వందకు సుమారు 8 మందికి ఆసుపత్రి జబ్బులు అంటుకొన్నవి. రాగి గదులలో అది 3 మందికి కొంచెము పైన మాత్రమే. ఈ ఫలితములు 2013లో వెలువడినవి.

ఫలితము ఆశాజనకమే. అయినను ఏ గదిలో రాగి ఉన్నదో వైద్యులకు, నర్సులకు కంటికి కనబడుచునే ఉన్నది. అందుచే వారు తమకు తెలియకుండగనే వేరుగా ప్రవర్తించియుండవచ్చునని కొందరు శాస్త్రజ్ఞులు ఆక్షేపించినారు. తరువాతి పరీక్షలన్నియు ఒకే బలముతో సాక్ష్యమీయలేదు. రాగి ఖరీదు కూడ ఆలోచింపదగినదే. కాబట్టి క్రిములను చంపుట విషయమున రాగి శక్తి నిస్సందేహము. జబ్బులను ఎంత తగ్గించుననుట ఇంకను పూర్తిగా తేలవలసిన లెక్క.

అమెరికా ప్రభుత్వ పర్యావరణ సంరక్షణ సంస్థ 2008లో రాగి మిశ్రమలోహములను బాక్టీరియాలను చంపు పదార్థములుగా నమోదుచేసినది. ఒక ఘనవస్తువునకు అట్టి గుర్తింపు లభించుట అదియే మొదలు. రెండు గంటలలో వెయ్యింట 999 క్రిములు చచ్చునని ప్రకటించుకొనుటకు అనుమతి ఇచ్చుచు ఆ సంస్థ రెండు షరతులు పెట్టినది. మొదటిది, రాగి వస్తువు మామూలు శుభ్రతకు అదనమే గాని బదులు కాదు. రెండవది, దానిపై రంగు గాని మైనము గాని వార్నీషు గాని పూయరాదు. డేవీ ఇనుప ముక్కలు నేర్పిన పాఠమే రెండు వందల ఏండ్లకు నిబంధనయై నిలిచినది.

2020లో కోవిడ్ వ్యాధి ప్రబలినపుడు, ఆ వైరసు ప్లాస్టిక్కుపై, స్టీలుపై రెండు మూడు రోజుల వరకు కనబడగా, రాగిపై నాలుగు గంటల తరువాత బ్రతికియున్నట్లు కనబడలేదని అమెరికా శాస్త్రజ్ఞులు ప్రకటించినారు. దీనితో రాగి కలిపిన బట్టలు, పూతలు, బిళ్ళలు బజారులో వెల్లువెత్తినవి. లోహపు పలకపై నాలుగు గంటలలో జరిగినది, ముఖమునకు కట్టిన బట్టపై గాలి పీల్చిన క్షణములో జరుగునని అనుకొనుట బ్యూర్క్ పొరపాటును మరల చేయుటయే.

రాగి బిందెకు పరీక్ష

ఇక మొదట చెప్పిన బిందె మాట. ఇత్తడి పాత్రలలో ఉంచిన నీటిలోని మలసంబంధమైన బాక్టీరియాలు రెండు రోజులలో కనబడకుండ పోవునని 2005లో బ్రిటిషు, భారత శాస్త్రజ్ఞులు కలిసి చూపినారు. 2012లో బెంగుళూరు శాస్త్రజ్ఞులు కలరా, టైఫాయిడు, రక్తవిరేచనములు కలిగించు క్రిములను కావలెనని కలిపిన నీటిని రాగి బిందెలలో 16 గంటలు ఉంచి పరీక్షించినారు. ఆ తరువాత ఆ నీటి నుండి ఏ క్రిమియు పెరుగలేదు. నీటిలో కరిగిన రాగి లీటరుకు ఒక మిల్లీగ్రామునందు ఐదవ వంతు కంటె తక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ సమ్మతించిన పరిమితి లీటరుకు 2 మిల్లీగ్రాములు. రాత్రి పోసి ఉదయము త్రాగు ఆచారమునకు ఇట్లు ప్రయోగము యొక్క బలము చేకూరినది. బ్యూర్క్ చర్మముపై వెదకిన రక్షణ నీటికుండలో ఉన్నదన్నమాట.

కాని ఏ గుణము క్రిమిని చంపునో ఆ గుణమే మితిమీరినపుడు మనుష్యునికి కీడు చేయును. రాగి మన శరీరమునకు అత్యల్పముగా అవసరమే. అధికమైనచో కాలేయమును దెబ్బతీయును. పాలు త్రాగు పసిపిల్లలకు కాలేయము గట్టిపడి ప్రాణము తీయు ఒక వ్యాధి మన దేశములో ఒకప్పుడు తరచుగా కనబడెడిది. 1980 తరువాత పూనా నగరపు వైద్యులు, బ్రిటిషు వైద్యులు కలిసి పరిశోధించగా, ఆ పిల్లల కాలేయములలో రాగి అపారముగా చేరియున్నదని, వారికి పోసిన పశువుల పాలను కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రలలో కాచి నిలువ ఉంచెడివారని తెలిసినది. నీటి కంటె పాలు రాగిని ఎక్కువగా పట్టుకొనును. పాత్రలు మారిన పిమ్మట ఆ వ్యాధి అరుదైనది.

చింతపండు పులుసు, మజ్జిగ, ఊరగాయ వంటి పుల్లని పదార్థములు కూడ రాగిని విశేషముగా కరిగించును. అందుచేతనే పెద్దలు వంట పాత్రలకు లోపల తగరముతో కళాయి పోయించెడివారు. కళాయి ఉన్నంతవరకు రాగి బయటికి రాదు. దాని క్రిమిసంహారక శక్తియు బయటికి రాదు. నీటి బిందెకు కళాయి లేకుండుట, పులుసు గిన్నెకు కళాయి ఉండుట, ఈ రెండును ఒకే రసాయన సూత్రమునకు రెండు ముఖములు.

రాగి గుణమును ఎవరో ఒకరు ఒకనాడు కనిపెట్టలేదు. నావికుడు, రైతు, వైద్యుడు, వృక్షశాస్త్రజ్ఞుడు, విద్యార్థులు ఒక్కొక్క తునుకను చూచినారు. చూచినదానిని పోల్చి పరీక్షించినవారు ముందుకు సాగినారు. చూడగనే నమ్మినవారు దారి తప్పినారు. ఆసుపత్రిలో రాగి కమ్మీ అమర్చినను చేతులు కడుగుకొనుట మానరాదు. ఇంటిలో రాగి బిందె ఉన్నను దానిని తోమకుండ ఉంచరాదు. రాగి అరుగుచు తన పని తాను చేయును. దానిని శుభ్రముగా, మితముగా, తగినచోట వాడుకొనుట మాత్రము మనుష్యుని పని.